స్టాప్ అనాల్సిన చోట

గరాజ్‌లో టైమర్ మళ్ళీ బీప్‌మంది.

సోమవారం నుంచి ఆ ఇంట్లో మాటలు తక్కువ, బీప్‌లు ఎక్కువ. భార్య మీద కోపం వస్తే సామ్యూల్ గరాజ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. ఖాళీ పిస్టల్ నడుముకి తగిలించుకుని, టైమర్ నొక్కి, బీప్ వినగానే చప్పున తీసి గోడకి అంటించిన అట్టముక్కల మీదికి గురిపెడతాడు. బీప్, క్లిక్. బీప్, క్లిక్. మామూలు కోపానికి అరగంట చాలు. ఈసారి కోపానికి అయిదో రోజు నడుస్తోంది.

పర్సిస్ వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. శుక్రవారం సాయంత్రం నాలుగైంది. చాండ్లర్ ఊరి ఎడారి ఎండ బ్లైండ్స్‌ని కూడా లెక్కచేయకుండా బల్ల మీదికి వచ్చి పడుతోంది. స్క్రీన్ మీద వాల్టర్ మెయిల్ తెరిచి ఉంది. వాల్టర్ వాళ్ళ షూటింగ్ క్లబ్బులో రేంజ్ మాస్టర్, అంటే పోటీ నడిపే ఆఫీసర్లందరికీ పైవాడు.

"పోయిన శనివారం మూడో స్టేజిలో నీ భర్తకి హెచ్చరిక ఇచ్చి వదిలేశావు. ఆ వెంటనే, అదే చోట హర్షిత్‌ని ఆపి ఇంటికి పంపావు. తేడా ఏమిటని ఒకరు అడుగుతున్నారు. చూసింది చూసినట్టు రాసి పంపు. రాష్ట్రపోటీకి వెళ్ళే ఆరుగురి జాబితా శుక్రవారం సాయంత్రం ఆరింటికి మూసేస్తాను."

ఆ ఆరుగురిలో ఆరోవాడు సామ్యూల్. అంతకుముందు రెండేళ్ళూ ఏడోవాడు.

సోమవారం ఈ మెయిల్ వచ్చినప్పుడు ఇద్దరూ ఇల్లెగిరిపోయేలా పోట్లాడుకున్నారు. తర్వాత మూగనోము పట్టారు. పర్సిస్ రోజూ నాలుగు వాక్యాలు రాయడం, నాలుగూ చెరిపేయడం. ఆఫీసులో చిప్‌ల మీద కంటికి కనపడని లోపాలు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. నాలుగు వాక్యాలు మాత్రం చేతకావడం లేదు.

గరాజ్ తలుపు తెరుచుకుంది. సామ్యూల్ వచ్చి ఫ్రిజ్ తెరిచాడు. ఏమీ తీసుకోకుండా మూశాడు.

"రాశావా?"

"రాస్తున్నా."

"నాలుగు ముక్కలకి అయిదు రోజులా పర్సీ? 'లైన్ దాటలేదు. దాటబోతుంటే వార్నింగ్ ఇచ్చాను.' అంతే కదా. పోనీ నేను టైప్ చేయనా?"

"చూసింది నేను. మీరు టైప్ చేయడం ఏంటండీ?"

"చూశావుగా మరి. రాయి."

"అదే కష్టంగా ఉంది. చూశాను."

సామ్యూల్ మొహం గంటు పెట్టుకున్నాడు. "ఏం చూశావు? అర సెకను. నువ్వేమన్నా స్కేలు పెట్టి కొలిచావా?"

"హర్షిత్‌ని మాత్రం కొలిచానా?"

అతను గ్లాసు తీసి కుళాయి తిప్పాడు. నీళ్ళు నిండి పొంగిపోతున్నా చూసుకోలేదు.

ఆ ఆటలో కంటికి కనపడని గీత ఒకటుంటుంది. షూటర్ గుళ్ళని ఆపే మట్టిగట్టుకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ పక్కలకి బార చాపితే ఎంతో, అంత. అతను పరుగెత్తుతాడు, వంగుతాడు, పరుగులోనే గుళ్ళున్న మ్యాగజైన్ మార్చుకుంటాడు. ఏం చేసినా పిస్టల్ గొట్టం ఆ గీతకి అవతల, గట్టు వైపే ఉండాలి. టైమర్ పట్టుకుని వెనకాలే నడిచే ఆఫీసర్, ఇక్కడ పర్సిస్, గుళ్ళు ఎక్కడ తగిలాయో చూడదు, ఆ గొట్టాన్నే చూస్తుంది. గొట్టం గీత దగ్గరికి వస్తుంటే 'మజిల్', అంటే 'గొట్టం జాగ్రత్త', అని అరిచి హెచ్చరించవచ్చు. దాటిందంటే మాత్రం ఒకటే మాట, 'స్టాప్'. ఆ మాట పడ్డవాడు ఎంత మొనగాడైనా ఆ రోజుకి పిస్టల్ సంచిలో పెట్టుకుని ఇంటికి పోవాల్సిందే.

భర్త వంతు రాగానే పర్సిస్ టైమర్‌ని రోజర్ అనే ఇంకో ఆఫీసర్ చేతికిచ్చి పక్కకి వెళ్ళిపోతుంది. నాలుగేళ్ళుగా అదే పద్ధతి. ఆ శనివారం రోజర్ ఎండదెబ్బకి తల తిరిగి నీడన కూలబడ్డాడు. కాసేపు ఆగుదామంది పర్సిస్. "ఏం కాదు, నువ్వే పట్టుకో. ఆగితే చేతులు చల్లబడిపోతాయి నాకు" అన్నాడు సామ్యూల్. నూట ఆరు ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో చేతులు చల్లబడటం ఏమిటని అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

స్టేజి అంటే అడ్డుగోడల దగ్గర ఆగి కాలుస్తూ పరుగెత్తే ఒక దారి; ఇక్కడ మూడో గోడ నుంచి నాలుగో గోడకి కాస్త వెనక్కీ, ఎడమకీ పరుగెత్తాలి. మ్యాగజైన్ మార్చేటప్పుడు మోచేతిని డొక్కలోకి లాక్కోవడం సామ్యూల్‌కి అలవాటు. గరాజ్‌లో వందసార్లు చూసింది. వందసార్లు చెప్పింది. ఆ రోజూ లాక్కున్నాడు. గొట్టం గీత దాటింది. దాటబోవడం కాదు, దాటింది. ఆమె నోరు తెరిచింది. 'స్టాప్' రావాల్సిన చోట 'మజిల్' అన్న మాట వచ్చింది.

తర్వాతివాడు హర్షిత్. అదే చోట, అదే పొరపాటు. అప్పుడు మాత్రం 'స్టాప్' అన్న మాట తడబడకుండా, ఖంగుమని వచ్చింది. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే పర్సిస్‌కి తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

పైగా ఆదివారం తెలుగు ఆరాధనలో పాస్టర్ గారు సామ్యూల్‌ని నిలబెట్టి, "మన సహోదరుడు రాష్ట్రస్థాయికి వెళ్తున్నారు" అని చప్పట్లు కొట్టించారు. సామ్యూల్ తల వంచుకుని చిరునవ్వు నవ్వాడు. పక్కన కూర్చున్న పర్సిస్ కూడా చప్పట్లు కొట్టాల్సి వచ్చింది.

"సరే, నీ మాటే నిజం అనుకుందాం." సామ్యూల్ కుళాయి కట్టేసి ఇటు తిరిగాడు. "రాశావనుకో. హర్షిత్ తిరిగొస్తాడా? రాడు. వాడు దాటాడు, వాడి ఆట అయిపోయింది. నేనూ పోతాను. నీ ఆఫీసర్ బ్యాడ్జీ పోతుంది. ఎవరికి ఒరిగింది?"

"వాడొక్కడే తప్పు చేశాననుకుంటున్నాడండీ."

"అనుకుంటే అనుకోనీ. ఇరవై ఆరేళ్ళు వాడికి. వచ్చే ఏడు కొడతాడు, ఆ పై ఏడు కొడతాడు. నాకు నలభై నాలుగు. కళ్ళజోడు పవర్ మళ్ళీ మారింది, నీకు చెప్పలేదు."

ఆ మాట ఆమెకి తగిలింది. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది అతను సంకోచపడుతూ మొదటి పిస్టల్ కొనుక్కోవడం, మొదటి పోటీలో చివరి నుంచి రెండోవాడిగా రావడం, కారులో ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి రావడం గుర్తొచ్చాయి. ఆ మనిషి మీద జాలి వేసింది. ఆ జాలే కదా ఆ రోజు నోట్లోకి వచ్చి అడ్డం పడింది అనిపించి, జాలి మీద కూడా కోపం వచ్చింది.

"అందరికీ ఒకటే కాల్, ఒకటే తీర్పు ఉండాలి కదండీ. మీకొకటి, వాడికొకటీనా?"

"నేను నీ మొగుణ్ణి పర్సీ!"

"అందుకే కదా టైమర్ ఎప్పుడూ రోజర్‌కి ఇచ్చేది!"

ఇద్దరి గొంతులూ లేచాయి. అప్పుడే డోర్‌బెల్ మోగింది.

గుమ్మంలో హర్షిత్. చేతిలో చక్కగా చుట్టిన, పిస్టల్ తగిలించుకునే నల్ల బెల్టు. సామ్యూల్ స్నేహితుడు తేజేశ్వర్ కొడుకు వాడు. తొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చాడు. వాణ్ణి ఈ ఆటలోకి లాక్కొచ్చింది సామ్యూలే, ఆ బెల్టు ఇచ్చిందీ సామ్యూలే.

"హాయ్ ఆంటీ. అంకుల్ బెల్ట్ రిటర్న్ చేయడానికి వచ్చా."

"ఉంచుకో నాన్నా, తొందరేముంది?" పర్సిస్ వాడి కళ్ళలోకి చూడలేక బెల్టు వైపు చూసింది. "ఇక మానేస్తావా ఏంటి?"

"నో, నో! నాది ఆర్డర్ చేశా, మండే వస్తది." వాడు లోపలికి వచ్చి కూర్చున్నాడు. సామ్యూల్ ఫ్రిజ్ దగ్గరే నిలబడిపోయాడు. "ఫస్ట్ డే చాలా బ్యాడ్‌గా ఉండె, ఆంటీ. డ్రైవ్ చేస్తా ఏడ్చా కూడా. నేను సెకండ్ ప్లేస్‌లో ఉన్నా కదా అప్పటికి. బట్ యూ వర్ రైట్. నేను లైన్ బ్రేక్ చేశా. అంకుల్‌కి కంట్రోల్ ఉంది, వార్నింగ్ వస్తే చాలు. నాకు ఆ కంట్రోల్ లేదు."

పర్సిస్ "టీ పెడతాను" అని లేవబోయింది.

"వద్దు ఆంటీ, ఒకటి అడగాలి." వాడు కాస్త సిగ్గుపడ్డాడు. "జూన్‌లో రేంజ్ ఆఫీసర్ క్లాస్ ఉంది. ఒక ఆఫీసర్ రికమెండ్ చేయాలంట. మీరు చేస్తారా? ఆ రోజు మీరు నాకు స్టాప్ చెప్పినప్పుడు, మీకు నేను చిన్నప్పట్నుంచీ తెలుసు కదా, అయినా చెప్పారు. నేను కూడా అట్లా అవ్వాలి. ఎవరైనా సేమ్ కాల్."

సామ్యూల్ గట్టిగా దగ్గాడు.

"హర్షిత్, మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్విక్కడుంటే తొందరగా పంపమన్నాడు."

"డాడ్? డాడ్ ఫ్లైట్‌లో ఉన్నారుగా, అంకుల్."

"అయితే అమ్మేమో. ఎవరో ఒకరు. పద, పద."

పర్సిస్ భర్త వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. హర్షిత్ లేచి, గుమ్మం దగ్గర ఆగి, "అంకుల్, అది నేను ఆల్రెడీ..." అని ఏదో అనబోయాడు. "తర్వాత మాట్లాడదాం" అని సామ్యూల్ వాడి భుజం తట్టి బయటికి నడిపించాడు. తలుపు మూసి, నేరుగా గరాజ్ వైపు బయల్దేరాడు.

"కూర్చోండి" అంది పర్సిస్.

"నాకు పనుంది."

"ఒకటి చూపించాలి. కూర్చోండి."

ఆమె గొంతులో ఏముందో గానీ అతను కూర్చున్నాడు. పర్సిస్ ఫోన్ తీసింది. ఆమె టైమర్ ఫోన్‌తో కలిసి పనిచేసే రకం. బీప్ దగ్గర్నుంచి ప్రతి గుండూ ఏ క్షణాన పేలిందో అందులో భద్రంగా ఉంటుంది.

"ఇవి మీవి. మూడో గోడ దగ్గర ఆఖరి గుండు. ఇది నాలుగో గోడ దగ్గర మొదటిది. మధ్యలో మూడు పాయింట్ నాలుగు సెకన్లు. గరాజ్‌లో ఆ పరుగు మీకు రెండు సెకన్లే పడుతుంది."

"నువ్వు మజిల్ అని అరిచావు. ఉలిక్కిపడి ఆగాను. అందుకే లేటయింది."

"నేనూ సోమవారం దాకా అట్లాగే అనుకున్నా." ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. "కానీ నేను అరిచేసరికి మీ కాలు ఆగిపోయి ఉందండీ. అయిదు రోజులుగా అదే తిప్పి తిప్పి చూసుకుంటున్నా. ముందు మీరు ఆగారు, తర్వాత నేను అరిచాను. నేను అరిచాకే మీరు కదిలారు."

హర్షిత్ తెచ్చిన బెల్టు బల్ల మీదే ఉంది. సామ్యూల్ బెల్టు చుట్ట విప్పాడు. మళ్ళీ చుట్టాడు.

"ఎందుకు ఆగారు?"

అతను మళ్ళీ చుట్ట విప్పబోయాడు.

"ఎందుకు ఆగారని అడుగుతున్నా."

"స్టాప్ అంటావని!" అతను బెల్టుని బల్ల మీద విసిరాడు. "నాకు తెలియదా గొట్టం ఎటుందో? తెలిసింది. అయిపోయింది, మూడో ఏడు కూడా పోయింది అనుకుని ఆగాను. నువ్వు మజిల్ అన్నావు. నన్నేం చేయమంటావు? వెనక్కి తిరిగి, 'కాదమ్మా, స్టాప్ అను' అని నీకు నేర్పమంటావా?"

పర్సిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "అన్నీ తెలిసే, అయిదు రోజులు నా మీద మొహం మాడ్చుకుని తిరిగారా?"

"నీ మీద కాదు."

"ఇంకెవరి మీద?"

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం ఆమెకి పాత సామ్యూల్ కనిపించాడు. చేయి పట్టుకుందామనుకుంది. అతను అంతలోనే లేచాడు.

"రాసుకో. నీ ఇష్టం."

"నిజంగానే?"

"రాసుకోమన్నాగా. నేనేం అడ్డుపడను."

గరాజ్ తలుపు మూసుకుంది. దెబ్బలాడతాడు, బతిమాలతాడు అనుకున్న మనిషి ఇంత తేలిగ్గా వదిలేయడం పర్సిస్‌కి వింతగా తోచింది. పోనీ, మనసు మారిందేమో అనుకుంది. ఆ మాత్రం ఆశ పెట్టుకోవడానికి పన్నెండేళ్ళ కాపురం ఉంది.

ఈసారి వాక్యాలు ఆగలేదు. "సామ్యూల్ గొట్టం గీత దాటింది. నేను స్పష్టంగా చూశాను. స్టాప్ అనాల్సింది, మజిల్ అన్నాను. అతను నా భర్త కాకపోతే స్టాప్ అనేదాన్ని. తప్పు నాది." మళ్ళీ చదవకుండా పంపేసింది. టైమ్ అయిదూ పది.

వాల్టర్ జవాబు అయిదూ నలభైకి వచ్చింది.

"పర్సిస్, నీ నిజాయితీకి మెచ్చుకుంటున్నాను. కానీ భర్త కాబట్టి నువ్వు నీ మీద మరీ కఠినంగా ఉంటున్నావు. వారం రోజులు మథనపడితే ఎవరికైనా లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ క్షణంలో నువ్విచ్చిన కాల్‌నే నేను నమ్ముతాను. పైగా నీ వెనకే తన వంతు కోసం నిలబడ్డ హర్షిత్, గొట్టం దాటలేదని నిన్ననే రాసి పంపాడు. ఆట పోగొట్టుకున్నవాడే అంత మాట అన్నాక నాకింకేం కావాలి? జాబితా పెట్టేశాను. రాష్ట్రపోటీకి ఆఫీసర్లు తక్కువగా ఉన్నారు, నీ పేరు కూడా వేశాను."

పర్సిస్ దాన్ని రెండుసార్లు చదివింది. ఒక మనిషి తప్పు చేశానని ఒప్పుకుంటే నమ్మేవాడే లేకపోవడం ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. ఏడుపూ, నవ్వూ రెండూ వచ్చాయి. ఫోన్ తీసి హర్షిత్‌కి కలిపింది.

"నువ్వు వాల్టర్‌కి ఏం రాశావు నాన్నా?"

"ఓ, చెప్పేశారా? నేను సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా." వాడి గొంతులో సంతోషం. "వెడ్నెస్‌డే అంకుల్ కాల్ చేశారు. ఆంటీ ట్రబుల్‌లో ఉంది, వెనక నిలబడింది నువ్వే కదా, నువ్వు రాస్తే హెల్ప్ అవుతది అన్నారు. ఇందాక చెప్దామంటే అంకుల్ వద్దన్నారు."

"హర్షిత్, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. అంకుల్ గొట్టం ఎక్కడుందో నువ్వు చూశావా?"

వాడు గొంతు తగ్గించాడు.

"ఆంటీ, నెక్స్ట్ టర్న్ నాదే కదా. నెక్స్ట్ షూటర్ ఏం చేస్తాడో మీకు తెలుసుగా."

తెలుసు. అందరూ చేసేదే. తర్వాతి వంతు షూటర్ పక్కన నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు గాల్లో ఆడిస్తూ స్టేజి మొత్తం మనసులో ఒకసారి పరుగెత్తి వస్తాడు. పక్కన పిడుగు పడినా కళ్ళు తెరవడు.

"కళ్ళు మూసుకుని ఉన్నా. చూడలే. మీ వాయిస్ మాత్రం విన్నా." వాడు తొందర తొందరగా అన్నాడు. "మీరు మజిల్ అన్నారు. మీరు మజిల్ అంటే, దాటలేదనే కదా? మీరు రాంగ్ కాల్ చేయరు, ఆంటీ. అందుకే చూశానని రాశా."

పర్సిస్ లేచింది. గరాజ్ వైపు నడిచింది.

"ఫోన్ పెట్టేయకు నాన్నా. అంకుల్ దగ్గరికి తీసుకెళ్తున్నా. స్పీకర్‌లో పెడతాను."

గరాజ్ తలుపు తోసింది. సామ్యూల్ అప్పుడే టైమర్ నొక్కి చేతులు పక్కకి వదిలి నిలబడ్డాడు. ఆమె చేతిలో ఫోన్ చూశాడు. ఆమె మొహం చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"హాయ్ అంకుల్!" ఫోన్‌లోంచి హర్షిత్ ఉత్సాహంగా అరిచాడు. "లిస్ట్ చూశా! కంగ్రాట్స్!"

"హర్షిత్, ఇందాక నాతో అన్నది అంకుల్‌కి కూడా చెప్పు" అంది పర్సిస్, భర్త మొహం మీంచి చూపు తిప్పకుండా.

"ఏది ఆంటీ? నేను కళ్ళు మూసుకుని ఉన్నా, అదా?"

టైమర్ బీప్‌మంది. సామ్యూల్ చేయి నడుము దగ్గరికి వెళ్ళలేదు.